ఆయాసం అంటే అలసట కాదు

నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులకు సెలవన్న సంగతి అందరికీ తెలిసిందే. 2015 సెప్టెంబరులో ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచి ఆ రెండు రోజులకూ మా శ్రీమతి ముందుగానే పనులు రాసి పెట్టేది. ఏడాదిగా మాత్రం ఆమె జాబితాలో రెండో శనివారం ఖాళీగా ఉంటోంది. ఆ రోజు నేను వెంగల్ దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో ఇనుప మంచం మీద పడుకుని మూలుగుతూ ఉంటాను. జబ్బు చేసి కాదు లెండి, రోగి వేషం వేస్తున్నాను.

"బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళు లెడ్జర్లు తిరగేసినవాడికి నర్సింగ్ కాలేజీలో ఏం పనండీ?" అని మన సంఘం పెద్దలొకరు ఉగాది సంబరాల్లో అడిగారు. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదు. అందుకే ఇలా రాస్తున్నాను.

వెంగల్ తెలియనివారికి ఒక మాట. తిరువళ్ళూరు జిల్లాలో పెరియపాళయం దగ్గరి ఊరు. ఆడి మాసంలో వేపాకు చీర మొక్కు తీర్చుకోవడానికి అక్కడి భవానీ అమ్మవారి గుడికి వెళ్ళేవాళ్ళలో మనవాళ్ళు తక్కువేం కాదు. ఈ జిల్లాలోని తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆనాడు సరిహద్దు గీత జరిగింది గాని వంటింటి భాష జరగలేదు. ఇప్పటికీ ఈ పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదివే పిల్లలు కావలసినంతమంది. తెలుగు గలగలా మాట్లాడతారు, ఒక్క అక్షరం చదవలేరు. మా శాఖకు వరి మీద, ఇటుక బట్టీల మీద అప్పు కోసం వచ్చే రైతులే తమ ఆడపిల్లల నర్సింగ్ చదువుకూ అప్పు అడగడానికి వస్తారు. అలా ఆ కాలేజీతో పరిచయం.

ఇక అసలు సంగతి 2011 మార్చి 31 నాటిది. అప్పుడు నేను చెన్నైలో పనిచేస్తున్నాను.

మా అమ్మది నాయుడుపేట వైపు. పెళ్ళయి ఇటు వచ్చి యాభై ఏళ్ళు దాటినా కూరగాయల బేరానికి సరిపడేంత తమిళమే నేర్చుకుంది. ఆ నెలాఖరున కాళ్ళ వాపుతో, దగ్గుతో ఆమెను ఒక ఆస్పత్రిలో చేర్చాం. అప్పటికి 74 ఏళ్ళు. చక్కెర జబ్బు, రక్తపోటు రెండూ ఉన్నాయి. మార్చి 31 బ్యాంకువాళ్ళకు ఎలాంటి రాత్రో ఇంట్లో బ్యాంకు ఉద్యోగి ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. వార్షిక ముగింపు లెక్కల మధ్యలో ఒక గంట అనుమతి అడిగి తొమ్మిదింటికి ఆస్పత్రికి పరుగెత్తాను. ఆడవాళ్ళ వార్డు, రాత్రిళ్ళు మగవాళ్ళను ఉండనివ్వరు. తోడుండవలసిన మా చెల్లెలు మర్నాడు ఉదయానికి గాని రాలేనంది.

వార్డు గుమ్మంలో రాత్రి డ్యూటీ నర్సు ఎదురైంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల. "అమ్మా ఆయాసమా ఇరుక్కున్ను సొన్నాంగ, రెస్ట్ ఎడుక్కట్టుం సార్" అంది. నేను సరేనని తల ఊపి, లోపలికి తొంగిచూసి, దీపం తగ్గించి ఉండడంతో అమ్మను లేపడం ఎందుకని తిరిగి బ్యాంకుకు వెళ్ళిపోయాను.

పాఠకుల్లో తమిళం తెలిసినవారు ఈపాటికి పట్టేసి ఉంటారు. తమిళంలో 'ఆయాసం' అంటే అలసట, బడలిక. మన తెలుగులో ఆయాసం అంటే రొప్పు, ఊపిరి అందకపోవడం. మూలం ఒకే సంస్కృత పదం. అది రెండు ఇళ్ళలో పెరిగి రెండు రకాలుగా తయారైంది. అమ్మ పగటి నర్సుతో "ఆయాసంగా ఉందమ్మా" అని తెలుగులో చెప్పింది. ఆ నర్సు దాన్ని తమిళంలో విని, రోగి అలసటగా ఉందన్నారని కాగితం మీద రాసింది. డ్యూటీ మారేటప్పుడు రాత్రి నర్సుకు అదే అప్పగించింది. రాత్రి నర్సు నాకు చెప్పింది. మధ్యలో ఎవరూ అబద్ధమాడలేదు, అశ్రద్ధ చేశారని కూడా నేననను. కాని రెండు భాషలూ వచ్చినవాణ్ణి ఆ వరుసలో నేనొక్కణ్ణే. "అమ్మ ఏ మాట అంది?" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. నా బుర్ర నిండా డెబిట్లూ క్రెడిట్లూ ఉన్నాయి.

రాత్రి పదకొండు దాటాక వార్డు తుడవడానికి వచ్చిన ఆయా, గుమ్మిడిపూండి వైపు తెలుగు మనిషి, అమ్మ మంచం ఊచ పట్టుకుని కూర్చుని ఉండడం చూసిందట. "ఏమమ్మా, పండుకోలేదా?" అంది. "పడుకుంటే ఊపిరాడ్డం లేదే తల్లీ" అంది అమ్మ. ఆయా చీపురు అక్కడే పడేసి నర్సు దగ్గరికి పరుగెత్తింది. డ్యూటీ డాక్టరు వచ్చాడు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట. ఆక్సిజన్ పెట్టి, నీరు లాగేసే ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారుజామున నేను వెళ్ళేసరికి అమ్మ మూడు దిండ్లకు ఆనుకుని కాఫీ కావాలంటోంది.

ఆ తరువాత ఆమె నాలుగేళ్ళు బతికింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఈ కథ చెప్పేది. కథలో ఆయా దేవత. నా పాత్ర ఒక్క వాక్యమే: "మా వాడు తమిళంలో విన్నాళ్ళే."

క్రిందటేడు ఆ నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ గారు విద్యారుణాల గురించి పిల్లలకు చెప్పమని పిలిచారు. నాలుగు లక్షల వరకు తాకట్టు అక్కర్లేదని, చదువు పూర్తయ్యాక వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయో, ఏ కాగితాలు కావాలో చెప్పాను. సగంమంది ఆవలించారు. చివర్లో కాలక్షేపానికన్నట్టు అమ్మ కథ చెప్పాను. ఆవలింతలు ఆగిపోయాయి. "ఆయాసం అంటే ఏమిటి?" అని అడిగితే గది గదంతా "టయర్డ్" అంది. వెనక వరసలో ముగ్గురు మాత్రం "మూచ్చు వాంగుదు సార్" అని గొణిగారు. ఊత్తుకోట వైపు తెలుగిళ్ళ పిల్లలు. గట్టిగా చెప్పడానికి మొహమాటపడ్డారు.

అక్కడి ట్యూటర్ మేడమ్ తమిళావిడ. బొమ్మ మీద ఇంజెక్షన్ నేర్పడం సులువేనని, మాటలు నేర్పడానికి మనిషి కావాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నారట. "మీరే ఒక రోజు తెలుగు తప్ప మరొకటి రాని రోగిగా రాకూడదా?" అన్నారు. ఇదేదో ఆవిడ కనిపెట్టిన చమత్కారం అనుకున్నాను. తరువాత తెలిసింది, ఇలా శిక్షణ ఇచ్చిన మనిషిని రోగిగా పడుకోబెట్టి విద్యార్థులకు నేర్పడం 1963లో అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హోవార్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు మొదలుపెట్టాడని. అరవై ఏళ్ళ పాత విద్య. మన దేశంలోనూ 2021లో భారతీయ నర్సింగ్ కౌన్సిల్ సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో అసలు రోగి దగ్గరికి వెళ్ళేలోపు ఇలా అభినయించి నేర్చుకోవడానికి చోటిచ్చారు.

మొదటి రోజు "కాలు తిమ్మిరిగా ఉందమ్మా" అన్నాను. గది గొల్లుమంది. తమిళంలో తిమిరు అంటే పొగరు! చక్కెర జబ్బు మనిషి కాలు మొద్దుబారిందంటే అది నవ్వవలసిన సంగతి కాదని మేడమ్ అప్పుడు చెప్పారు. కాలికి పుండైనా తెలియదు, అది ముదిరితే వేళ్ళు తీసేయవలసి వస్తుంది. మరోసారి "మంటగా ఉంది" అంటే ఒక పిల్ల పాపం నా తల పట్టుకుని చూసింది. మండై అంటే వాళ్ళకు తల గదా. ఆ రోజు నుంచి పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టారు. మన నొప్పికి వాళ్ళ వలి, మన వాపుకు వీక్కం, దగ్గుకు ఇరుమల్, దురదకు అరిప్పు. ఆ తెలుగిళ్ళ పిల్లలు ముగ్గురూ చెబుతుంటే మిగతావాళ్ళు తమిళ లిపిలో రాసుకుంటున్నారు. మొహమాటపడ్డ పిల్లలే ఇప్పుడు పంతులమ్మలు.

ఇక్కడ నా మనసులో ఉన్నది ఒకటి చెప్పాలి. చాలాచోట్ల 'కమ్యూనికేషన్ స్కిల్స్' అనగానే ఇంగ్లీషు క్లాసు పెడుతున్నారు. గుడ్ మార్నింగ్ సర్, హౌ ఆర్ యూ మేడమ్. ఇంగ్లీషు వద్దని నేననను. నర్సులుగా బ్రిటన్ వెళ్ళగోరే మన పిల్లలు రాసే ఓ.ఇ.టి. పరీక్ష ఇంగ్లీషుదే. కాని ఆ పరీక్షలో కూడా మాట్లాడే భాగం ఎలా ఉంటుందో చూడండి. ఎదుటివారు రోగిగానో, రోగి బంధువుగానో నటిస్తారు, అభ్యర్థి నర్సుగా మాట్లాడాలి. అలాంటివి రెండు సన్నివేశాలు. అంటే వాళ్ళు సైతం చూస్తున్నది ఒట్టి వ్యాకరణం కాదు. మంచం మీద ఉన్న మనిషి భయాన్ని నర్సు కనిపెట్టిందా లేదా అని.

మాట వినడం ఒక ఎత్తు, విన్నది అందించడం మరో ఎత్తు. మేడమ్ డాక్టరుగా ఫోను పట్టుకుని కూర్చున్నారు, అర్ధరాత్రి నిద్రలేపినట్టు విసుక్కుంటూ. ఒక పిల్ల ఫోను చేసింది. "సార్, ఒక పేషెంట్ ఉన్నారు, నిన్న చేరారు, సాయంత్రం ఇడ్లీ తినలేదు, కొడుకు బ్యాంకులో పని, ఇప్పుడు కొంచెం ఒకలా ఉన్నారు, వీలైతే ఒకసారి..." మేడమ్ ఫోను పెట్టేశారు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు.

దీనికో పద్ధతి ఉందట. అమెరికా నౌకాదళంలో అణు జలాంతర్గాముల మీద పనిచేసినవాళ్ళ అలవాటులోంచి వచ్చింది, తరువాత కైజర్ పర్మనెంటే అనే ఆస్పత్రుల సంస్థ వైద్యానికి మలుచుకుంది. ఇప్పుడు ఏం జరుగుతోంది, దాని పూర్వాపరాలేమిటి, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి - ఈ వరసలో అర నిమిషంలో చెప్పాలి. అరగంట సాధన చేశాక అదే పిల్ల మళ్ళీ ఫోను చేసింది. "సార్, ఏడో నంబరు మంచం, 74 ఏళ్ళ అమ్మకు పది నిమిషాలుగా ఊపిరి అందడం లేదు. గుండె జబ్బుతో నిన్న చేరారు, కాళ్ళ వాపు ఉంది. పడుకోలేకపోతున్నారు, ఆక్సిజన్ 88 శాతం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమోనని నా అనుమానం. మీరు వెంటనే రావాలి సార్. ఈలోపు కూర్చోబెట్టి ఆక్సిజన్ పెడుతున్నాను." పడుకుని వింటున్న నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. వయసు, జబ్బు నేను చెప్పినవే.

వీటిలో పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది "నా అనుమానం" అనే మాట. డాక్టరు ముందు నాకు అనుమానమేమిటి, అది పెద్దవాళ్ళు చెప్పవలసింది గదా అని. మన ఇళ్ళలో పెంపకం కూడా అలాంటిదే, పెద్దల మాటకు ఎదురు చెప్పరాదు. అప్పుడు మేడమ్ బ్రిటన్‌లో 2005లో జరిగిన సంగతి చెప్పారు. ఎలైన్ బ్రోమిలీ అనే ఇద్దరు పిల్లల తల్లి ముక్కుకు మామూలు ఆపరేషన్ కోసం వెళ్ళింది. మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం పెట్టడానికి వీలుపడలేదు. అనుభవజ్ఞులైన డాక్టర్లే, ఆ ప్రయత్నంలోనే పడి సమయం మరిచిపోయారు. ఏం చేయాలో అక్కడున్న నర్సులకు తట్టింది. ఒకరు గొంతుకు రంధ్రం చేసే సామగ్రి తెచ్చి పెట్టారు, ఒకరు ఐ.సి.యు.లో మంచం సిద్ధం చేయించారు. కాని గట్టిగా చెప్పలేకపోయారు, చెప్పిన కాస్తా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆమె మరి కోలుకోలేదు, కొన్ని రోజులకు పోయింది. భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. విమానాల్లో కెప్టెన్‌కు కూడా కిందివాళ్ళు ధైర్యంగా చెప్పేలా శిక్షణ ఇస్తారే, ఆపరేషన్ గదిలో ఎందుకు లేదని ఆయన అడిగాడు. ఎవరినీ జైల్లో పెట్టమని అడగలేదు. 2007లో ఈ పని కోసమే ఒక సంస్థ పెట్టాడు.

క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నాకు తెలిసిన విద్య బ్యాంకు విద్య ఒక్కటే గనుక అదే చెప్పాను. మా స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. మేనేజరైనా సరే ఒంటరిగా తెరవలేడు. ఇది అవమానం కాదు, రక్షణ. సెలవు మీద వెళ్ళేవాడు తాళంచెవి ఊరికే బల్ల మీద పెట్టి పోడు, రిజిస్టరులో ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ సంతకం పెట్టాలి. కట్టలు లెక్కపెట్టుకోకుండా ఎవడూ సంతకం పెట్టడు. వార్డు అప్పగింత మటుకు నిలువుకాళ్ళ మీద రెండు నిమిషాల్లో ఎందుకు ముగియాలి? అలాగే చెక్కు మీద అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాం. రెండూ తేడా పడితే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుంది. ఫోనులో డాక్టరు మందు మోతాదు 'ఫిఫ్టీన్' అన్నాడా 'ఫిఫ్టీ' అన్నాడా? "ఒకటి, అయిదు, పదిహేనేనా సార్?" అని తిరిగి అప్పజెప్పి ఔననిపించుకోవాలి. జమాఖర్చుల్లో ప్రతి డెబిట్‌కూ ఒక క్రెడిట్ ఉన్నట్టు, చెప్పిన ప్రతి మాటకూ విన్నట్టు ఒక జవాబు. పిల్లలు దీన్ని వెంటనే పట్టుకున్నారు. ఇప్పుడు నేను "మంచినీళ్ళు" అన్నా "మంచినీళ్ళేనా సార్?" అంటున్నారు, ఆటపట్టించడానికి.

మూడో నెలలో జరిగింది నేను మరిచిపోలేను. ఒకే రోగి సంగతులు అయిదు చీటీల మీద రాసి అయిదుగురికి పంచారు. ఒకరు హెడ్ నర్సు, ఇద్దరు నర్సులు, ఒకరు ఫార్మసిస్టు, ఒకరు ఆయా. అయిదు చీటీలూ కలిస్తేనే జబ్బేమిటో తేలుతుంది. హెడ్ నర్సు బల్ల ముందు కూర్చుంది, మిగతావాళ్ళు చుట్టూ చేరారు. చర్చ జోరుగా సాగింది. ఇరవై నిమిషాలైనా తేలలేదు. ఆయా వేషం వేసిన పిల్ల గోడ పక్కన చీటీ చేతిలో నలుపుతూ నిలబడే ఉంది. దాని మీద ఉన్నది ఇంతే: "రాత్రంతా పడుకోలేదు, కూర్చునే ఉంది."

చివర్లో నేను అడిగాను, "ఎందుకమ్మా చెప్పలేదు?" అని.

"ఎవరూ అడగలేదు సార్" అంది. కాసేపాగి, "ఆయా చెప్పచ్చా సార్?" అంది.

నాటకంలో వేషం గంటసేపటిది. ఆ గంటలోనే ఆ పిల్ల నోరు అలా మూతబడింది. ఆ రాత్రి చీపురు పడేసి పరుగెత్తిన గుమ్మిడిపూండి మనిషి ఎంత ధైర్యం చేసిందో నాకు అప్పుడు అర్థమైంది, పద్నాలుగేళ్ళ తరువాత. ఆమె పేరు కూడా మేము అడగలేదు. చేతిలో డబ్బు పెట్టి నమస్కారం చేశాం, అంతే.

పేరంటే గుర్తొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ గదికి ఒక పట్టిక తయారు చేసింది. కోత పెట్టే ముందు గదిలో ఉన్నవారంతా తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్నది అందులో ఒక అంశం. వినడానికి పెళ్ళిచూపుల్లా ఉంటుంది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో ఆ పట్టిక వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. పట్టికలో ఇంకా చాలా ఉన్నాయి, పేర్ల వల్లనే తగ్గాయని ఎవరూ అనరు. కాని ఒకసారి నోరు విప్పి పేరు చెప్పిన మనిషికి రెండోసారి నోరు విప్పడం తేలిక. మేడమ్ ఇప్పుడు ప్రతి ఆటకూ ముందు అందరిచేతా పేర్లు చెప్పిస్తున్నారు, ఆయాతో మొదలుపెట్టి.

ఈ విద్యకు మన ప్రాంతం కొత్తదేం కాదు. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ 1871లోనే మొదలైంది. వేలూరులో ఐడా స్కడ్డర్ 1909లో నర్సింగ్ పాఠశాల పెట్టింది, 1946లో అక్కడే డిగ్రీ చదువు వచ్చింది. మన తిరువళ్ళూరు స్వామి పేరే వైద్య వీరరాఘవుడు. ఆయన కోనేట్లో బెల్లం వేసి మొక్కుకునే వాళ్ళలో తెలుగువాళ్ళెందరో, తమిళులెందరో, ఆయన మాత్రం రెండు భాషల్లోనూ వింటున్నాడు.

మన సంఘానికి ఒక మనవి. చెన్నైలోనూ, బెంగుళూరు, హోసూరు వైపులా నర్సింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. మన సభ్యుల్లో రిటైరై ఇంట్లో ఉన్నవారు నెలకొక పూట ఇలా పడుకుని మూలగడానికి వెళ్ళవచ్చు. ఖర్చు లేదు, నటన రానక్కర్లేదు. మన వయసుకు మూలుగు సహజంగానే వస్తుంది. పిల్లల నోటుపుస్తకంలోని తెలుగు, తమిళ జబ్బు మాటలను ఒక పేజీగా వచ్చే సంచికలో వేయడానికి సంపాదకులు ఒప్పుకున్నారు. కత్తిరించి ఇంట్లో పెద్దవాళ్ళ మందుల డబ్బాలో పెట్టుకోండి.

పోయిన రెండో శనివారం కొత్త బ్యాచి వచ్చింది. నేను యథాప్రకారం పడుకుని "ఆయాసంగా ఉందమ్మా" అన్నాను. సన్నగా ఉన్న ఒక పిల్ల, తమిళమే వచ్చు, సీనియర్ల దగ్గర నాలుగు తెలుగు మాటలు నేర్చుకుని వచ్చింది. మంచం పక్కన వంగి, కూడబలుక్కుంటూ, "పడుకుంటే ఎక్కువా తాతా, కూర్చుంటే ఎక్కువా?" అంది.

"తాతా" అన్నది మాత్రం నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి చెబితే మా శ్రీమతి చాలాసేపు నవ్వింది. వచ్చే నెల రోగి పక్కన కూర్చుని నర్సును మాటమాటకూ ప్రశ్నలతో వేధించే బంధువు ఒకరు కావాలని మేడమ్ అడిగారు. ఆమె వస్తానంది.